చౌడు నేల కానుగ నుంచి బయోడీజిల్: ముందు నూనెకు ఆమ్ల పరీక్ష

నమస్కారమండీ. బల్ల మీద రెండు సీసాలున్నాయి చూడండి, రెండూ కానుగ నూనే. ఎడమవైపుది ఈ ఏడు గింజ, ఎండబెట్టి ఆడించింది. కుడివైపుది తడి తగిలిన పాత గింజ నుంచి తీసింది. వీటిలో దేంతో నేరుగా బయోడీజిల్ చేయొచ్చో ఇప్పుడు తేల్చుకుందాం.

కానుగే ఎందుకంటారా? ఉప్పు నేలల నూనెగింజ అనగానే అందరూ సాలికోర్నియా పేరెత్తుతారు. గొప్ప మొక్కే, కాదనను. సముద్రపు నీళ్లు పెట్టినా పెరుగుతుంది, గింజలో నూనె 30 శాతం దాకా ఉంటుంది. 2019 జనవరిలో అబుదాబి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లిన ఎతిహాద్ విమానంలో ఈ నూనెతో చేసిన ఇంధనం కలిపి వాడారు. అయితే అది రిఫైనరీ పని. మనలా నూనెలో మెథనాల్ అనే ఆల్కహాల్, క్షారం కలిపి బయోడీజిల్ చేసేవాళ్లకు ఒక చిక్కుంది. ఆ నూనెలో దాదాపు ముప్పావు వంతు లినోలిక్ ఆమ్లమే. దాంతో చేసిన బయోడీజిల్ గాలి తగిలితే త్వరగా చెడిపోయి జిగురు కడుతుంది. నూనె గాలికి ఎంత తేలిగ్గా చెడుతుందో సూచించే అయోడిన్ విలువ ఐరోపా ప్రమాణంలో 120 దాటకూడదు, ఇది దాటేస్తుంది. నన్నడిగితే అది వంటింటికి పోవాల్సిన నూనె.

కానుగ నూనెలో సగం దాకా ఒలియిక్ ఆమ్లం, అంచేత అంతకన్నా బాగా నిలవుంటుంది. చేదు కాబట్టి వంటకు ఎలాగూ రాదు. చెట్టు సముద్రపు ఒడ్డునా, చౌడులోనూ బతుకుతుంది. మరీ ఉప్పు పర్రలో నాటి మంచి కాపు మాత్రం ఆశించకండి. అన్నట్టు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు 2003లో కానుగ నూనె లెక్క మీద 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు తెచ్చుకున్నారు.

సరే, పరీక్షకొద్దాం. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక గ్రాము పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలిపి పెట్టాను. ఈ బిళ్లలు గాలిలో తేమను ఇట్టే పీల్చుకుంటాయి, తూచగానే డబ్బా మూత బిగించేయండి. గ్లాసులో 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అందులో క్షారం తగిలితే గులాబీ అయ్యే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. ఆల్కహాల్‌కే కాస్త పులుపుంటుంది, కాబట్టి నూనె పోయకముందే లేత గులాబీ వచ్చేదాకా మన ద్రావణం ఒక్కో చుక్క వేయండి. ఆ చుక్కలు లెక్కలోకి రావు.

ఇప్పుడు ఎడమ సీసా నుంచి ఒక మిల్లీలీటరు నూనె. రంగు పోయింది కదా? కలవకపోతే గ్లాసును వేడినీళ్లలో కాసేపు పెట్టండి. సిరంజితో ద్రావణం వేస్తూ తిప్పుతూ ఉండండి. గులాబీ వస్తుంది, పోతుంది. తొందరపడకండి. అర నిమిషం నిలిస్తేనే అయినట్టు. ఇదిగో, 2.4 మిల్లీలీటర్ల దగ్గర నిలిచింది. కుడివైపు సీసాకూ ఇంతే చేస్తే... 11 దాటినా రంగు నిలవడం లేదు.

మూడున్నర మిల్లీలీటర్ల లోపుంటే నేరుగా చేయొచ్చు. దాటిందంటే వేసిన క్షారాన్ని నూనెలో విడిగా ఉన్న ఆమ్లాలే తినేసి సబ్బవుతాయి, గ్లిజరిన్ విడిపోదు. అలాంటి నూనెను ముందు సల్ఫ్యూరిక్ ఆమ్లం, మెథనాల్‌తో ఒక దఫా శుద్ధి చేయాలి. దానికి వేరే వీడియో చేస్తాను. కుడి సీసా పక్కన పెట్టేద్దాం.

ఎడమ సీసా నుంచి ఒక లీటరు. తడి పోయేలా 110 డిగ్రీల దాకా కాచి, 55కి చల్లార్చాను. లీటరుకు 9 గ్రాముల క్షారం మామూలుగా పడుతుంది, పరీక్షలో పట్టిన ఒక్కో మిల్లీలీటరూ లీటరు నూనెకు ఒక్కో గ్రాముతో సమానం, కాబట్టి దానికి మన 2.4 కలిపితే 11.4 గ్రాములు. దీన్ని 250 మిల్లీలీటర్ల మెథనాల్‌లో కరిగించాలి. మెథనాల్ విషమండీ, ఆవిరి పీల్చినా చర్మానికి తగిలినా ప్రమాదమే. ఇంట్లో వద్దు, ఆరుబయట చేయండి. గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. దగ్గర్లో మంట ఉండకూడదు, కరెంటు హీటరున్న వేడినీళ్ల తొట్టిలో పెట్టండి. 60 డిగ్రీలు దాటనివ్వకుండా మూత పెట్టిన పాత్రలో గంటసేపు కలపాలి. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున నల్లగా గ్లిజరిన్ దిగుతుంది. దాన్ని అడుగు నుంచి తీసేసి, పైదాన్ని గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడగండి, కుదిపితే నురగ కడుతుంది. నీళ్లు తేటగా వచ్చాక తడి ఆరనివ్వండి.

పూర్తిగా మారిందో లేదో చూడాలంటే ఒక వంతు బయోడీజిల్‌ను తొమ్మిది వంతుల మెథనాల్‌లో వేసి కలపండి. అంతా కలిసిపోతే సరే. అడుగున నూనె చుక్కలు కనిపించాయంటే, కొంచెం మెథనాల్, క్షారం వేసి మళ్లీ ఇంకో గంట కలపాల్సిందే.