ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీయేనా?

(స్క్రీన్ మీద సీబీపీ అనే రక్తపరీక్ష రిపోర్టు: ప్లేట్‌లెట్ కౌంట్ 62,000)

వానలు మొదలయ్యాయంటే నల్గొండలో, దేవరకొండలో, జడ్చర్లలో ఏ ల్యాబ్ ముందు చూసినా ఒకటే మాట, "అన్నా, ప్లేట్‌లెట్లు ఎన్ని వచ్చినయ్?" రక్తం గడ్డకట్టడానికి సాయపడే ఈ కణాలు మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా ఉంటాయి. తగ్గాయనగానే డెంగీ అనుకుని, కారు మాట్లాడుకుని హైదరాబాద్ ఉరుకుతారు. జర ఆగండి.

అసలు ఆ నంబరు నిజమేనా? ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, అది తగిలితే కొందరి ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులవుతాయి, మిషనుకు ఆ గుంపులను లెక్కపెట్టడం రాదు, మనిషి నిక్షేపంగా ఉన్నా రిపోర్టు భయపెడుతుంది. "స్మియర్ చూశారా?", అంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూశారా అని ల్యాబ్‌లో అడగండి. అనుమానం ఉంటే ఈడీటీఏ లేని సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీస్తారు.

(బొమ్మ: ఎముక మజ్జ, ప్లీహం)

నిజంగానే తగ్గితే? ఇవి ఎముక మజ్జలో పుడతాయి, బతికేది ఓ వారం, పది రోజులు. బీ12 లోపమున్నా, క్యాన్సర్ మందులు వాడుతున్నా, అరుదుగా బ్లడ్ క్యాన్సర్ వచ్చినా తయారీ తగ్గుతుంది. రోజూ మందు తాగేవాళ్లకు దెబ్బ రెండు దిక్కులా: మజ్జ మందగిస్తుంది, పైగా లివర్ పాడై, పొట్టలో ఎడమవైపుండే ప్లీహం (స్ప్లీన్) ఉబ్బితే ప్లేట్‌లెట్లు అందులోనే ఇరుక్కుపోతాయి. ఇంట్లోవాళ్ల ముందు తాగుడు సంగతి ఎవరూ చెప్పరు, డాక్టరుకైనా చెప్పండి.

ఐటీపీ అనే జబ్బులో మన రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లను చంపుతుంది. వైరల్ జ్వరం తగ్గిన కొన్నాళ్లకు పిల్లల కాళ్ల మీద, నొక్కినా పోని ఎర్ర చుక్కలు కనిపిస్తే ఇదే కావొచ్చు. మలేరియా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, కొన్ని ఫిట్స్ గోలీలు కూడా తగ్గిస్తాయి. గర్భిణులకు చివరి నెలల్లో కాస్త తగ్గడం మామూలే, బీపీ కూడా పెరిగితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక డెంగీ. అసలు గండం జ్వరం దిగాక, రక్తనాళాల నుంచి నీరు కారే ఆ ఒకటి రెండు రోజుల్లో. అప్పుడు కౌంట్ ఒక్కటే కాదు, హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, పెరుగుతోందా అని చూడాలి. రక్తస్రావం లేకుంటే, కౌంట్ 10,000 పైన ఉంటే సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించరు. బొప్పాయాకు రసానికి పేరెందుకొచ్చిందంటే, కోలుకునే దశలో తాగినా తాగకపోయినా అవి పెరుగుతాయి. ఒంటినొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది మాత్రం వేయించుకోవద్దు, పారాసెటమాల్ చాలు.

కడుపునొప్పి, ఆగని వాంతులు, నల్లటి విరేచనం, మగత, వీటిలో ఏది కనిపించినా రేపటి రిపోర్టు కోసం చూడకండి. వెళ్లేటప్పుడు పాత సీబీపీ కాగితాలు పట్టుకెళ్లండి, పోయినేడు కూడా 62,000 అనే ఉంటే డాక్టరు వేరే దారిలో వెతుకుతారు.