స్విచ్ ఆపే ముందు రెండు నిమిషాలు

అందరికీ నమస్కారం.

ఇంట్లో నెట్ పూర్తిగా పోతే ఇబ్బందే గానీ మందు తేలిక. కంప్లయింటు ఇస్తాం, మనిషి వస్తాడు, తెగిన చోట అతికి పోతాడు. వస్తూ పోతూ ఉండే నెట్‌తో అలా కుదరదు. మనిషి వచ్చేసరికి అంతా బాగుంటుంది. ఆయన స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించి, "వస్తోంది కదండీ" అంటాడు. ఆయన మెట్లు దిగకముందే తెర మీద మళ్ళీ గుండ్రం తిరుగుతుంది. ఈ పూట నా మాటలన్నీ ఈ రెండో రకం గురించే.

ముందుగా ఒక అలవాటు మానమని అడుగుతాను. నెట్ ఆగగానే అందరి చెయ్యీ రౌటర్ స్విచ్ మీదికే పోతుంది. ఆపి వేస్తే పనిచేస్తుంది కూడా, చిక్కంతా అదే. ఇళ్ళలో వాడే చాలా రౌటర్లు జరిగినదంతా తాత్కాలిక మెమరీలోనే రాసుకుంటాయి. కరెంటు తీయగానే ఆ లాగ్ చెరిగిపోతుంది. ఎన్ని గంటలుగా ఆగకుండా నడుస్తోందో చెప్పే అప్‌టైమ్ లెక్క సున్నాకి వస్తుంది. అప్పుడు ఏ లైటు ఎర్రగా ఉందో ఎవరికీ గుర్తుండదు. పోలీసులు రాకముందే దొంగ పడ్డ ఇల్లు తుడిచి ముగ్గేసినట్టు.

"వైఫై పోయింది" అని మనం ఒకే మాట అంటాం. అందులో మూడు వేరు వేరు సంగతులున్నాయి. ఫోన్ నుంచి రౌటర్ దాకా గాలిలో నడిచే దారి ఒకటి. రౌటర్ పెట్టె, దానికి అన్నం పెట్టే అడాప్టర్ రెండోది. రౌటర్ నుంచి కంపెనీ దాకా పోయే తీగ మూడోది. ఏది తెగిందో తేలకుండా కొత్త రౌటర్ కొనడం, కంపెనీ మార్చడం డబ్బు దండగ.

తేల్చుకోవడానికి పింగ్ చాలు, అంటే అవతలి యంత్రాన్ని పలకరించి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండు కిటికీలు తెరవండి. ఒకదానిలో పింగ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి 192.168.1.1, మళ్ళీ స్పేస్ ఇచ్చి హైఫన్, టి అక్షరం. ఇది రౌటర్‌ని ఆపకుండా పలకరిస్తూ ఉంటుంది. కొన్నింటికి చిరునామా 192.168.0.1 ఉంటుంది, పెట్టె కింది స్టిక్కర్ మీద చూసుకోండి. రెండో కిటికీలో అదే పద్ధతిలో 8.8.8.8. ఇది గూగుల్ నడిపే డీఎన్ఎస్ సర్వర్, వెబ్‌సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా వెతికి ఇచ్చేది. మనకి మాత్రం ఇది ఇంటి బయటి ప్రపంచం. ఫోన్‌లోనైతే పింగ్ చేసే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. రెంటినీ వదిలేసి మీ పని మీరు చేసుకోండి. నెట్ ఆగిన క్షణంలో వచ్చి చూడండి.

రౌటర్ కిటికీలో 2, 3 మిల్లీసెకన్లలో జవాబులు వస్తూనే ఉండి, బయటి కిటికీ ఆగిపోతే, మీ వైఫై నిక్షేపంగా ఉంది, తప్పు లైన్‌లో ఉంది. రౌటర్ కిటికీయే తడబడితే తప్పు ఇంట్లోనే. అప్పుడు లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి మళ్ళీ చూడాలి. కేబుల్‌తో బాగుంటే తప్పు గాలిలో, కేబుల్‌తోనూ ఆగితే తప్పు పెట్టెలో. రెండు కిటికీలూ చక్కగా నడుస్తూ పేజీలు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్ఎస్. రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ చోట 8.8.8.8, 1.1.1.1 రాసి చూడండి.

ఇంకొకటుంది. బయటి పింగ్ ఆగదు గానీ 20 మిల్లీసెకన్లు ఉండేది ఒక్కసారిగా 500, 800కి లేస్తుంది. ఇది తెగడం కాదు, ట్రాఫిక్ జామ్. ఎవరిదో ఫోన్ పెళ్ళి ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి ఎక్కిస్తూ ఉంటుంది. పైకి పోయే దారి నిండితే కిందికి వచ్చేదీ నత్తనడకే. రౌటర్‌లో క్యూఓఎస్, అంటే ఎవరికెంత వేగమో పంచే సెట్టింగు, ఉంటే అప్‌లోడ్‌ని అసలు వేగంలో 85, 90 శాతానికి కట్టేయండి. లేకపోతే బ్యాకప్‌ని రాత్రికి మార్చండి.

ఇక లైన్ సంగతి. ఇప్పుడు మన ఊళ్ళలో ఎక్కువగా ఫైబరే. గోడ దగ్గరి పెట్టెని ఓఎన్‌టీ అంటారు. దాని మీద పాన్ (PON) అనే లైటు నిలకడగా వెలగాలి. అది టపటపా కొట్టుకుంటుంటే పెట్టె కంపెనీ వైపు నుంచి గుర్తింపు కోసం ఎదురుచూస్తోందని. లాస్ (LOS) లైటు ఎర్రగా ఉంటే అసలు వెలుగే రావడం లేదని. పాన్ బాగుండి ఇంటర్నెట్ లైటు మాత్రం ఆరిపోతే, ఫైబర్ కాదు, లాగిన్ సెషన్ తెగింది. ఈ మూడూ వేరు వేరు కంప్లయింట్లు. ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.

ఓఎన్‌టీ పేజీలోకి లాగిన్ అయితే చాలా వాటిలో ఆర్ఎక్స్ పవర్ అని ఒక అంకె కనిపిస్తుంది. పెట్టెకి అందుతున్న వెలుగు ఎంతో అది చెబుతుంది, డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో. మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. మైనస్ 15 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింత. ఇళ్ళలోని సాధారణ ఫైబర్ పెట్టెలకి (జీపాన్ రకం) హద్దు మైనస్ 27. 26 దగ్గర ఉన్న లైన్ పొద్దున పనిచేసి సాయంత్రం తెగుతుంది, మనిషి వచ్చి చూసినప్పుడు మళ్ళీ బాగుంటుంది. 3 డీబీ తగ్గిందంటే వెలుగు సగమైందని లెక్క. పోయిన నెల మైనస్ 21 ఉన్నది ఇప్పుడు 25 అయితే, మధ్యలో ఎక్కడో తీగ నలిగింది. తలుపు సందులోనా, మంచం కోడు కిందా, కేబుల్ టై బిగించిన చోటా ముందు చూడండి. మామూలు ఫైబర్‌ని 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా ఇరుకుగా వంచకూడదు. మిగిలిన తీగని చుట్టి పెట్టేటప్పుడు అరచేయంత చుట్టలు చాలు, వేలికి చుట్టినంత చిన్నవి వద్దు. చివర ఆకుపచ్చ కనెక్టర్ ఉంటుంది. దాని కొస మీద వేలు పెడితే జిడ్డు అంటుకుని వెలుగు తగ్గుతుంది. చొక్కా అంచుతో తుడిస్తే ఇంకా చెడుతుంది. ఊడదీసి కన్ను పెట్టి చూడటం అసలే వద్దు, అందులో వెలుగు కంటికి కనపడని రకం.

ఇప్పుడు అడాప్టర్. వస్తూ పోయే నెట్‌కి ఇంత తరచుగా కారణమై, ఇంత తక్కువగా అనుమానించే వస్తువు ఇంకోటి లేదు. రెండు మూడేళ్ళు రాత్రింబవళ్ళు వేడిలో నడిచాక లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. ఖాళీగా కొలిస్తే మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. నలుగురు ఒకేసారి వీడియో చూస్తూ రౌటర్ ఎక్కువ కరెంటు లాగినప్పుడు వోల్టేజి కుంగుతుంది, రౌటర్ తనంత తానే రీస్టార్ట్ అవుతుంది. అందుకే ఇందాక అప్‌టైమ్ గురించి చెప్పింది. వారం రోజులుగా మీరు స్విచ్ ముట్టుకోలేదు, కానీ అప్‌టైమ్ 40 నిమిషాలే అంటోందా? మధ్యలో కరెంటు పోలేదా? అడాప్టరో, దాని పిన్ను వదులో అయి ఉండాలి. పిన్ను దగ్గర మెల్లగా కదిపి చూడండి, లైట్లు మినుకుమంటే దొరికినట్టే.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసింది చదవాలి. వోల్టులు ఖచ్చితంగా అవే ఉండాలి: 12కి 12, 9కి 9. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ కూడదు. 1.5 ఆంపియర్ల చోట 2 పెట్టొచ్చు, 1 పెడితే మళ్ళీ ఇదే కథ. పిన్ను మధ్యలో ప్లస్ ఉన్న గుర్తు సరిచూడండి. లావు కూడా కలవాలి: బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు ఒకటే అయినా లోపలి రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు. 2.1 పిన్ను పట్టే జాక్‌లోకి 2.5ది కూడా దూరుతుంది, వదులుగా ఉండి మళ్ళీ తంటా.

కరెంటు పోయినప్పుడల్లా నెట్ పోతుందా? ఇన్వర్టర్ ఉన్నా పోతుందా? చాలా ఇన్వర్టర్లకి వెనక ఎకో, యూపీఎస్ అని రెండు మోడ్‌ల స్విచ్ ఉంటుంది. ఎకోలో బ్యాటరీకి మారడానికి పట్టే ఆ లిప్తకాలం ఫ్యానుకి తెలియదు, రౌటర్‌కి తెలుస్తుంది. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేదా రౌటర్ వోల్టేజికి సరిపోయే చిన్న మినీ యూపీఎస్ కొనండి. ఓఎన్‌టీ, రౌటర్ వేర్వేరు పెట్టెలైతే రెంటికీ కావాలి. ఒకదానికే పెట్టి నెట్ రావడం లేదనేవాళ్ళు ఎందరో. అపార్ట్‌మెంట్లలో ఇంకో మెలిక: ఫైబర్ సెల్లార్‌లోని స్విచ్ దగ్గర ఆగి, పైకి లాన్ కేబుళ్ళతో వస్తే, ఆ స్విచ్‌కి కరెంటు పోతే మీ ఇన్వర్టర్ ఏమీ చేయలేదు. ఫైబరే నేరుగా ఇంట్లోకి వస్తే దారిలో వెలుగుని ఇళ్ళకి పంచే స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు.

వేడి గురించి ఒక్క మాట. ఇంటి రౌటర్లు చాలావరకు 40 డిగ్రీల గది ఉష్ణోగ్రత దాకా పనికొచ్చేలా చేసినవి. విజయవాడలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం, తలుపులు మూసిన టీవీ యూనిట్‌లో, సెట్‌టాప్ బాక్స్ నెత్తిన కూర్చోబెట్టి, పైన అల్లిక గుడ్డ కప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. గుడ్డ తీసేయండి.

గాలి దారికి వద్దాం. ఇక్కడే ఎక్కువ తప్పులు. వైఫై నడిచే రేడియో ప్రాంతాల్లో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో చానళ్ళ అంకెలు 5 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, కానీ ఒక్కో చానల్ ఆక్రమించేది 20. అందుకే ఒకదానితో ఒకటి తగలని చానళ్ళు 1, 6, 11 మాత్రమే. యాప్‌లో చూసి "3 ఖాళీగా ఉంది" అని 3లో పెట్టేవాళ్ళున్నారు. ఒకే చానల్‌లో ఉన్న రెండు రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటాయి. 3లో కూర్చుంటే 1 వాళ్ళ మాట, 6 వాళ్ళ మాట రెండూ అర్థంకాని గోలగా చెవిన పడతాయి. మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచి, వెడల్పుని ఆటో నుంచి 20కి మార్చండి. అపార్ట్‌మెంట్‌లో 40 పెట్టడం ఇరుకు సందులో లారీ నిలిపినట్టే.

వంటింట్లో మైక్రోవేవ్ తిరిగినప్పుడే తెగితే, అదీ ఈ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తుంది కాబట్టి. లాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 హార్డ్ డిస్క్ తగిలించగానే వైఫై నీరసిస్తే, అది మీ భ్రమ కాదు. ఆ తీగలు ఇదే ప్రాంతంలో రేడియో గోల చేస్తాయని 2012లో ఇంటెల్ స్వయంగా పత్రం ప్రచురించింది. డిస్క్‌ని పొడుగు తీగతో దూరంగా పెట్టండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కి మారండి.

5 గిగాహెర్ట్జ్ పేరు చివర 5జీ అని పెడతారు, దానికీ మొబైల్ 5జీకీ చుట్టరికం లేదు. ఇందులో 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్ళు రాడార్లతో పంచుకునేవి. రాడార్ లాంటి చప్పుడు వినపడితే రౌటర్ 10 సెకన్లలో ఆ చానల్ ఖాళీ చేయాలి. అలాంటిదే మరో చానల్‌కి మారాలన్నా కనీసం ఒక నిమిషం చెవొగ్గి వినాలి. వైఫై పేరే మాయమై నిమిషం తర్వాత తిరిగొస్తోందంటే ముందు దీన్నే అనుమానించండి. చానల్‌ని ఆటోలో వదలకుండా 36 గానీ 149 గానీ పెట్టండి.

ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టుకుని గదిగదికీ నడవండి. సిగ్నల్ బలం మైనస్ 50 అంటే బ్రహ్మాండం, 67 దాకా వీడియో కాల్ నిలుస్తుంది, 75 దాటాక తెగడం మొదలు. బీరువా, నిలువుటద్దం, అక్వేరియం, కాంక్రీటు స్తంభం దారికి అడ్డొస్తే సిగ్నల్ సగానికి పైగా అక్కడే ఖర్చవుతుంది. వీధి గది మూలలో ఫైబర్ వచ్చిందని రౌటర్ కూడా అక్కడే ఉండాలని లేదు. ఇంటి నడుమ, తలెత్తు పైన పెట్టండి.

రిపీటర్, అంటే సిగ్నల్‌ని అందుకుని ముందుకి పంచే పెట్టె, కొనేవాళ్ళు దాన్ని సిగ్నల్ లేని గదిలో పెడతారు. లేని సిగ్నల్‌ని అదేం పంచుతుంది? మైనస్ 60, 65 వచ్చే చోట పెట్టాలి. అంతకన్నా నా ఓటు పాత రౌటర్‌కి. క్యాట్ 6 కేబుల్ లాగి, పాతదాని చిరునామా 192.168.1.2గా మార్చి, దానిలో డీహెచ్‌సీపీ (పరికరాలకి చిరునామాలు పంచే పని) ఆపేసి, కేబుల్‌ని వాన్ పోర్టులో (బయటి లైన్ వచ్చే రంధ్రం) కాక లాన్ పోర్టులో పెట్టండి. పేరు, పాస్‌వర్డ్ రెంటికీ ఒకటే, చానళ్ళు వేరు. డీహెచ్‌సీపీ ఆపడం మరిచారా, రెండు రౌటర్లూ ఎవరికి వారే చిరునామాలు పంచుతాయి. ఒకే అంకె ఇద్దరికి పడి, ఒకరికి వస్తే మరొకరికి పోతుంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు.

ఒక్క ఫోన్‌కో ఒక్క లాప్‌టాప్‌కో తెగి మిగతావాటికి బాగుంటే రౌటర్‌ని వదిలేయండి. లాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, వైఫై కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ పలక కనిపిస్తే, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అనే టిక్కు తీసేయండి. ఫోన్లలో 2019 నాటి ఆండ్రాయిడ్ 10, 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి మ్యాక్ చిరునామా (పరికరానికి పుట్టుకతో వచ్చే గుర్తు అంకె) అసలుది కాక మారుపేరు వాడుతున్నారు. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ (తెలిసిన మ్యాక్‌లనే రానిచ్చే కాపలా) పెట్టుకున్న ఇళ్ళలో ఇది తగవు. ఆ ఒక్క నెట్‌వర్క్‌కి ఫోన్‌లో అసలు మ్యాక్ ఎంచండి.

లైన్‌దే తప్పని తేలితే ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అనకండి. "నిన్న రాత్రి 9:10కి, 9:45కి తెగింది, రౌటర్ పింగ్ బాగుంది, బయటి పింగ్ ఆగింది, పాన్ లైటు కొట్టుకుంది, ఆర్ఎక్స్ మైనస్ 26.4" అనండి. కంప్లయింటు నంబరు రాసుకోండి. మనిషి వచ్చాక స్పీడ్ టెస్ట్ కాదు, పవర్ మీటరు పెట్టి చూపించమనండి. ఆ అంకెని ఓఎన్‌టీ పక్కన గోడ మీద పెన్సిల్‌తో తేదీ వేసి రాయండి. మళ్ళీ తెగినప్పుడు పోల్చుకోవడానికి అదొక్కటే ఉంటుంది.

ఇక అడగండి. మీ రౌటర్ అప్‌టైమ్ ఎంతో ఇప్పటికే చూసుకున్నవాళ్ళు ముందు.