డైపర్ మీది బొమ్మ ఏ పొర మీద ఉంది?

[దృశ్యం: డైపర్ నడుము భాగంపై ఏనుగు బొమ్మ. వేలు దాన్ని నెమ్మదిగా తడుముతుంది.]

వ్యాఖ్యానం: ఈ ఏనుగును వేలితో తడిమితే బట్టలాంటి మెత్తదనమే తెలుస్తుంది, రంగు మాత్రం వేలికి అంటదు. చాలా డైపర్లలో బొమ్మ మన వేలు తాకే పొర మీద ఉండదు. దాని అడుగున ఉన్న పలచని పాలిథీన్ ఫిల్మ్ మీద అచ్చయి, పైనున్న నాన్‌వోవెన్ పొర గుండా బయటికి కనిపిస్తుంది.

[దృశ్యం: రెండు పొరలను విడదీసి, పై పొరను భూతద్దంలో చూపాలి.]

వ్యాఖ్యానం: నాన్‌వోవెన్ అంటే నేత లేకుండా తయారయ్యే బట్ట. కరిగించిన పాలీప్రొపిలీన్‌ను సన్నని రంధ్రాల గుండా పోగులుగా లాగి, కదిలే జల్లెడ పట్టీ మీద అడ్డదిడ్డంగా పరచి, వేడి రోలర్ల మధ్య అక్కడక్కడ చుక్కలుగా అతికిస్తే స్పన్‌బాండ్ అనే రకం వస్తుంది. మామూలు రాత కాగితం చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు తూగితే, డైపర్లలో వాడే ఈ బట్ట సుమారు 10 నుంచి 20 గ్రాములే తూగుతుంది. అంటే ఇందులో పోగుల కంటే ఖాళీలే ఎక్కువ. నేరుగా దీని మీద అచ్చు వేస్తే ఇంకు కొంత పోగులకు పట్టి, కొంత ఖాళీల్లోంచి దిగి వెనుక తిరిగే డ్రమ్ముకు అంటుకుంటుంది. ఆ మరకలు తర్వాత వచ్చే బట్ట వెనుకకు ఎక్కుతాయి. సన్నని గీతలు, చిన్న అక్షరాలు మధ్యలోనే తెగిపోతాయి. ఈ బొమ్మలన్నీ మొద్దు గీతలతో, గుండ్రటి ముఖాలతో ఉండడానికి పసిపిల్లల ఇష్టం ఎంత కారణమో, ఈ ఖాళీలూ అంతే కారణమని నాకు అనిపిస్తుంది.

[దృశ్యం: ముద్రణ యంత్రంలోకి వెళ్తున్న తెల్లని ఫిల్మ్.]

వ్యాఖ్యానం: ఫిల్మ్‌లో ఖాళీల బెడద లేదు గానీ, తామరాకు మీద నీటిబొట్టులా దాని మీద ఇంకు ముడుచుకుపోతుంది. పాలిథీన్ ఉపరితల శక్తి, అంటే ద్రవాన్ని తన మీద పరుచుకోనిచ్చే గుణానికి కొలత, మీటరుకు సుమారు 31 మిల్లీన్యూటన్లే. అందువల్ల ఫిల్మ్‌ను అధిక వోల్టేజి విద్యుత్ ఉత్సర్గం కింద నడిపి, ఆ విలువను 38 లేదా అంతకు పైకి తెస్తారు. దీన్నే కరోనా ట్రీట్‌మెంట్ అంటారు. నిల్వ ఉన్నకొద్దీ దీని ప్రభావం తగ్గిపోతుంది కనుక, అచ్చుకు ముందు మళ్ళీ ఒకసారి చేయడం మేలు.

గాలి ఆడే ఫిల్మ్‌లో మరో జాగ్రత్త అవసరం. అందులో సుద్దపొడి కలిపి సాగదీయడం వల్ల సూక్ష్మరంధ్రాలు ఏర్పడతాయి. పెద్ద మేర రంగు నింపితే అవి పూడిపోతాయి.

[దృశ్యం: తెల్ల గుడ్డతో అచ్చును రుద్దే పరీక్ష.]

వ్యాఖ్యానం: బొమ్మ పై పొర మీదే ఉంటే చెమట, లాలాజలం, నూనె తగిలినా రంగు ఊడకూడదు. పొడిగానూ తడిగానూ రుద్ది చూసే పద్ధతిని ఐఎస్ఓ 105-ఎక్స్12 ప్రమాణం నిర్దేశిస్తుంది. రంగు మారవలసిన గీత మాత్రం వేరే ఉంది: తడి తగిలితే పసుపు నుంచి నీలానికి మారే సూచిక. ఆమ్ల స్థితిలో పసుపుగా ఉండే బ్రోమోఫినాల్ బ్లూ వంటి రసాయనాన్ని అందులో కలుపుతారు. మూత్రం తగిలి ఆమ్లత తగ్గగానే అది నీలంగా కనిపిస్తుంది.

[దృశ్యం: వేగంగా కదులుతున్న ఫిల్మ్ అంచున చిన్న నల్లని గుర్తు.]

వ్యాఖ్యానం: నిమిషానికి వందల డైపర్లు కోసే యంత్రంలో ఏనుగు ప్రతిసారీ నడుము మధ్యకే రావాలంటే, సెన్సార్ ఈ గుర్తును చదువుతూ ఫిల్మ్‌ను సవరించాలి. సాగిన ఫిల్మ్‌ను వెనక్కి కుదించలేరు కాబట్టి, బొమ్మల మధ్య దూరాన్ని ముందే కొద్దిగా తక్కువగా అచ్చు వేసి, యంత్రంలో అవసరమైనంత సాగదీస్తారు. ఈ శ్రమ, ఖర్చు వద్దనుకున్న తయారీదారులు బొమ్మలను ఫిల్మ్ అంతటా చల్లినట్టు వేయిస్తారు. అప్పుడు ఎక్కడ కోసినా ఏదో ఒక ఏనుగు మిగులుతుంది.