వెబినార్ పెడదామనుకుంటున్నారా? ముందు మైకు సంగతి చూడండి, పక్కన ఒక మనిషిని పెట్టుకోండి

అందరికీ నమస్కారం అండి. వెబినార్ల వల్ల, అంటే ఇంటర్నెట్‌లో లైవ్‌గా పెట్టే సభల వల్ల వ్యాపారానికి ఒరిగేదేంటి, పెట్టాలంటే ఏమేం కావాలి, ఈ రెండూ చెప్పమన్నారు నన్ను. నా పని ఏంటంటే వేరేవాళ్ళ వెబినార్లకి వెనక కూర్చుని నడిపించడం, అంటే స్క్రీన్ మీద కనిపించి మాట్లాడేది ఇంకెవరో, లింకులు పంపడం, మ్యూట్ చెయ్యడం, ఎవరికైనా వినబడకపోతే పరిగెత్తడం ఇవన్నీ నావి. అందుకని నా దగ్గర పెద్ద పెద్ద థియరీలేం ఉండవు, ఎక్కడ బోల్తా పడతారో మాత్రం దగ్గర్నుంచి చూస్తుంటాను.

ఇది కరోనాతో పుట్టిన వ్యవహారం అనుకుంటారు చాలామంది. కాదండి, ఆన్‌లైన్ మీటింగులు పెట్టుకునే వెబెక్స్ 1990లలోనే ఉంది, 2007లో నెట్‌వర్క్ సామాను చేసే సిస్కో కంపెనీ దాన్ని సుమారు 320 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది, అక్కడ ఇంజినీరుగా చేసిన ఎరిక్ యువాన్ బయటికొచ్చి 2011లో పెట్టిందే జూమ్. కరోనా చేసిందల్లా జనానికి అలవాటు చెయ్యడం. జూమ్ మీటింగుల్లో 2019 డిసెంబర్‌లో రోజుకి కోటి మంది దాకా ఉండేవాళ్ళు, 2020 ఏప్రిల్ వచ్చేసరికి 30 కోట్లు అయ్యారు. ఇందులో ఒక మెలిక ఉంది, ఒకే మనిషి రోజుకి ఐదు మీటింగులకి వెళ్తే ఐదుగా లెక్క, కంపెనీ మొదట యూజర్లు అని రాసేసి తర్వాత కాదు కాదు, మీటింగుల్లో పాల్గొన్న లెక్క అని సరిచేసుకుంది. అంత పెద్ద కంపెనీయే తడబడింది కాబట్టి మన వెబినార్‌కి ఎంతమంది వచ్చారు అని ఎవరైనా ఒక అంకె చెప్తే, అది దేని లెక్క అని అడగాల్సిందే. రిజిస్టర్ చేసినవాళ్ళా, వచ్చినవాళ్ళా, చివరిదాకా ఉన్నవాళ్ళా? మూడూ మూడు వేరు వేరు అంకెలు.

మీటింగుకీ వెబినార్‌కీ తేడా కూడా చెప్పేస్తాను, ఎందుకంటే డబ్బులు కట్టేముందు ఇది తెలియాలి. మీటింగులో అందరూ అందరికీ కనిపిస్తారు, ఎవరైనా నోరు తెరవొచ్చు. వెబినార్‌లో మాట్లాడేవాళ్ళు అంటే హోస్టు, ప్యానలిస్టులు మాత్రమే కనిపిస్తారు, వినడానికి వచ్చినవాళ్ళు మామూలుగా ఒకళ్ళకొకళ్ళు కనిపించరు. వ్యాపారానికి ఇది చాలా పెద్ద సంగతి అండి. మీ కస్టమర్లు ఎవరెవరో మీ పోటీదారుడు ఊరికే లింకు నొక్కి వచ్చి లిస్టు చదువుకుని వెళ్ళిపోయే వీల్లేకుండా ఉంటుంది, పైగా ఎవరింట్లోనో మిక్సీ మోత మీ ప్రసంగం మధ్యలో రాదు. అయితే ఒక ఇరవై ముప్పై మందే వస్తారనుకుంటే వెబినార్ ప్లాన్ అక్కర్లేదు, మామూలు మీటింగే పెట్టుకోండి, ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవడమే అప్పుడు మేలు. ఏ ప్లాట్‌ఫామ్ అని అడక్కండి, జూమ్, టీమ్స్, వెబెక్స్, ఏదైనా పని నడుస్తుంది, మీ టీమ్‌కి ఇప్పటికే చేయి తిరిగింది ఏదో అదే తీసుకోండి.

ఇంక లాభాలు. హాలు అద్దె ఉండదు, ప్రయాణాలుండవు, వేరే ఊళ్ళో వేరే దేశంలో ఉన్నవాళ్ళు కూడా వస్తారు, రికార్డింగ్ మిగులుతుంది. ఇవి మీ అందరికీ తెలిసినవే, వీటి మీద టైమ్ పెట్టను. నా ఉద్దేశంలో అసలు లాభం వేరే ఉంది, అది జనం అడిగే ప్రశ్నలు. మీ సేల్స్ మనిషి ఎదురుగా కూర్చుంటే కస్టమర్ అన్నీ అడగడండి, మొహమాటం, లేదా అడిగితే నాకేం తెలీదనుకుంటారేమో అని సందేహం, లేదా అడిగితే ఇక వదలడు వీడు అనే భయం. అదే వెబినార్‌లో క్యూ అండ్ ఏ (ప్రశ్నలు-జవాబులు) డబ్బాలో పేరు లేకుండా అడిగే వీలు పెడితే చూడండి, లోపల ఉన్నవన్నీ బయటికొస్తాయి.

ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళ వెబినార్ సంగతి చెప్తాను. వాళ్ళు ఎంతో కష్టపడి రిపోర్టులు ఎంత రంగురంగుల్లో వస్తాయో చూపిస్తున్నారు, గ్రాఫులు, పై చార్టులు. ఇక్కడ నా స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది, "మా పాత డేటా ఇందులోకి వస్తుందా, మళ్ళీ మొదట్నుంచి కొట్టుకోవాలా?" అంతే. దాని పక్కన బొటనవేలు గుర్తు మీద లైకులు పెరుగుతూ పోతున్నాయి, మాట్లాడే ఆయన ఇంకా పై చార్టు రంగు మార్చి చూపిస్తున్నాడు. వచ్చినవాళ్ళలో సగానికి సగం మందిని కొనకుండా ఆపుతున్నది ఆ ఒక్క అనుమానమే, కంపెనీ వెబ్‌సైట్‌లో మాత్రం దాని గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత వాళ్ళు సైట్ మొదటి పేజీలోనే దానికి జవాబు పెట్టుకున్నారు. మీరు ఏ సర్వే చేయించినా ఇంత సూటిగా రాదండి, సర్వేలో మనం అడిగినదానికే కదా వాళ్ళు జవాబు చెప్పేది.

అందుకే నేను అందరికీ చెప్పేది, టైమ్ పంచుకునేటప్పుడు ప్రశ్నలకి చివర్లో ఐదు నిమిషాలు మిగిల్చడం కాదు, 45 నిమిషాల కార్యక్రమం అయితే 25 మాట్లాడండి, 20 వాళ్ళకి వదిలెయ్యండి. మాట్లాడేవాళ్ళకి ఇది అస్సలు నచ్చదు, నాకు తెలుసు, 40 స్లైడ్లు చేసుకొచ్చి కూర్చుంటారు. అందులో సగం కంపెనీ ఎప్పుడు పుట్టింది, ఆఫీసులు ఎక్కడెక్కడున్నాయి, అవార్డులు. అవి వినడానికి ఎవరూ రారండి. "మా కంపెనీ పరిచయం" అని టైటిల్ పెడితే మీ ఉద్యోగులే వస్తారు. "నెలాఖరు లెక్కలు ఒక్క పూటలో తేల్చడం ఎలా" అని పెట్టండి, ఆ తలనొప్పి ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తక్కువమందే వస్తారు, కానీ కొనేవాళ్ళు వస్తారు.

ప్రశ్నలు రావాలంటే వాటిని చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఇది నేను ఎక్కడా రాజీపడని విషయం, ఒక్కరే మాట్లాడుతూ ఒక్కరే చాట్ చదువుతూ ఒక్కరే స్లైడ్లు మార్చుతూ ఉంటే ఏదో ఒకటి చెడుతుంది, ఎక్కువసార్లు చెడేది మాటే, వాక్యం మధ్యలో కళ్ళు పక్కకెళ్ళి చాట్ చదువుతూ ఆగిపోతారు, చూసేవాళ్ళకి ఆ చూపు తెలిసిపోతుంది. రెండో మనిషి ప్రశ్నల్ని పోగేసి, ఒకే రకం వాటిని కలిపి, ముఖ్యమైనవి ముందు అందించాలి. ఇంకో సంగతి, ప్రశ్నలు అడగండి అనగానే మొదటి నిమిషం ఎవరూ అడగరు, నిశ్శబ్దం, మాట్లాడేవాడికి చెమటలు. దానికి మీ కస్టమర్ కేర్ వాళ్ళని అడిగి ఫోన్‌లో మాటిమాటికీ వచ్చే ప్రశ్నలు రెండు తెచ్చిపెట్టుకోండి, "ఇది మాకు తరచుగా వచ్చే ప్రశ్న" అని నిజమే చెప్పి మొదలెట్టండి. దొంగపేర్లతో మనవాళ్ళ చేతే అడిగించడం మాత్రం వద్దు, జనం పసిగట్టేస్తారు.

ఇప్పుడు సామాను. అందరూ మొదట కెమెరా కొంటారు, నేనైతే ఆఖర్న కొనమంటాను. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట గరగరలాడితే రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. మైకు ఖరీదు కన్నా అది నోటికి ఎంత దూరంలో ఉందన్నదే ముఖ్యం, దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలో ప్రతిధ్వని మాత్రం అలాగే ఉంటుంది, అందుకే లాప్‌టాప్ మైకులో మాట్లాడితే బావిలోంచి మాట్లాడినట్టు వస్తుంది. కాలర్‌కి తగిలించుకునే చిన్న వైరు మైకు చాలు. బ్లూటూత్ హెడ్‌సెట్ జోలికి పోకండి, పాటలు వినడానికి బ్రహ్మాండంగా ఉండేదే మైకు ఆన్ అవ్వగానే చాలా వాటిలో ఫోన్ కాల్ మోడ్‌లోకి మారిపోయి గొంతు పీలగా తయారవుతుంది, పైగా ఛార్జింగ్ ఎప్పుడు అయిపోతుందో తెలీదు. గది విషయానికొస్తే ఖాళీ గోడలు, గాజు అద్దాలు ఉన్న కాన్ఫరెన్స్ రూమ్ కన్నా కర్టెన్లు, సోఫా, పుస్తకాల బీరువా ఉన్న చిన్న గదే నయం. ఫ్యాను, ఏసీ గాలి మైకు మీద పడకుండా చూడండి. లైటు ముఖానికి ఎదురుగా ఉండాలి, కిటికీ వీపు వెనక ఉంటే మీరు నల్లటి నీడలా కనిపిస్తారు.

ఇంటర్నెట్ దగ్గర అందరూ స్పీడ్ టెస్ట్ పెట్టి పెద్ద అంకె చూసి సంతోషపడతారు. అది డౌన్‌లోడ్ అండి, మాట్లాడేవాళ్ళకి కావాల్సింది అప్‌లోడ్. ఫుల్ హెచ్‌డీ పంపాలంటే 4 ఎంబీపీఎస్ దాకా అప్‌లోడ్ అవసరం పడుతుంది, దానికి రెట్టింపు చేతిలో ఉంటే నిశ్చింత. అంకె కన్నా నిలకడ ముఖ్యం, కాబట్టి వైఫై వదిలేసి రౌటర్ నుంచి వైరు లాగండి, ఆ గంట సేపు ఆఫీసులో ఎవరూ పెద్ద ఫైళ్ళు ఎక్కించకుండా చూడండి. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రౌటర్ మాటేంటి? దానికి కూడా యూపీఎస్ ఉండాలి. రెండో మనిషి వేరే చోట, వేరే కనెక్షన్ మీద ఉంటే ఇంకా మంచిది, మీరు పడిపోయినా ఆయన మాట్లాడుతూ జనాన్ని నిలబెడతాడు. జూమ్‌లో ఒక చిక్కు గుర్తుపెట్టుకోండి, కో-హోస్ట్‌కి, అంటే హోస్ట్‌కి సాయంగా ఉండేవాళ్ళకి వెబినార్ మొదలుపెట్టే వీలుండదు, అది హోస్ట్‌కే ఉంటుంది, లేదా ముందే ఆల్టర్నేటివ్ హోస్ట్‌గా (హోస్ట్ బదులు మొదలుపెట్టేవాళ్ళుగా) పేరు పెట్టినవాళ్ళకి. హోస్ట్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు ఈ తేడా తెలిసొస్తుంది.

స్లైడ్ల గురించి రెండే మాటలు. చాలామంది ఫోన్‌లో చూస్తారు, కాబట్టి మీ స్లైడు ఫోన్‌లో తెరిచి చెయ్యి చాపి పట్టుకుని చదవండి, చదవలేకపోతే అక్షరాలు పెంచండి. స్క్రీన్ షేర్ చేసేముందు నోటిఫికేషన్లు ఆపెయ్యండి, ఇంట్లోంచి వచ్చిన వాట్సాప్ మెసేజ్ మూడొందల మంది చదవాల్సిన పనిలేదు.

రిహార్సల్ మానకండి. అదే లాప్‌టాప్, అదే గది, అదే వైరు, వీలైతే రోజులో అదే టైమ్. జూమ్ వెబినార్‌లో ప్రాక్టీస్ సెషన్ అని ఉంటుంది, ప్యానలిస్టులు లోపల తయారవుతుంటారు, జనానికి ఏమీ కనిపించదు. వీడియో క్లిప్ చూపిస్తే సౌండ్ షేర్ చేసే టిక్కు పెట్టారో లేదో అప్పుడే తేలుతుంది. అసలు రోజున పక్కన ఇంకో ఫోన్‌లో వినడానికి వచ్చిన మామూలు మనిషిలా లింకు నొక్కి లోపలికి రండి, వాళ్ళకి ఏం కనిపిస్తోందో మీకూ కనిపిస్తుంది, వాల్యూమ్ మాత్రం తగ్గించి పెట్టండి, లేకపోతే కూత.

రిజిస్ట్రేషన్ ఫారం చిన్నదిగా ఉంచండి. పేరు, ఈమెయిల్, మహా అయితే "మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు" అని ఒక డబ్బా. ఆ మూడో డబ్బాలో రాసినవి చదివి ప్రసంగం మార్చుకున్నవాళ్ళే బాగుపడతారు. ఫోన్ నంబరు, కంపెనీ టర్నోవరు, పదవి ఇవన్నీ తప్పనిసరి చేస్తే సగం మంది అక్కడే వెనక్కిపోతారు, మిగతావాళ్ళు తప్పుడు నంబరు ఇస్తారు. వాళ్ళ మెయిల్‌కి తర్వాత ఏమేం పంపుతారో ఫారంలోనే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, యూరప్‌లో అయితే 2018 నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉంది, ముందే టిక్కు పెట్టేసిన డబ్బా అక్కడ ఒప్పుకోలు కింద చెల్లదు. మెయిళ్ళు స్పామ్‌లో పడకుండా మీ డొమైన్‌కి (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరుకి) ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సెట్ చేయించుకోండి, మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని రుజువుచేసే సెట్టింగులు ఇవి, 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్దఎత్తున పంపేవాళ్ళని ఇవి అడుగుతున్నాయి. వేరే దేశాలవాళ్ళు వస్తుంటే టైమ్ ఏ టైమ్ జోన్‌దో రాయండి, క్యాలెండర్ ఫైల్ జతచేస్తే వాళ్ళ టైమ్‌కి అదే మారిపోతుంది. రిమైండర్ ముందురోజు ఒకటి, గంట ముందు ఒకటి, మొదలయ్యేటప్పుడు లింకుతో ఇంకొకటి.

ఇంత చేసినా రిజిస్టర్ చేసినవాళ్ళలో సగం కూడా రాకపోవడం మామూలే, ముఖ్యంగా ఫ్రీ వెబినార్లకి. దానికి బాధపడి పక్కరోజు "మీరు మిస్సయ్యారు" అని ఏడుపు మెయిల్ పెట్టకండి. 24 గంటల్లోపు రికార్డింగ్ పంపండి, గంట వీడియో ఒక్కటే పడేస్తే ఎవరూ చూడరు కాబట్టి ఏ నిమిషంలో ఏ విషయం ఉందో కింద రాయండి, టైమ్ చాలక వదిలేసిన ప్రశ్నలకి రాతలో జవాబులు పెట్టండి. క్యాప్షన్లు పెట్టేముందు ఒకసారి చదవండి, ఆటోమేటిక్‌గా వచ్చినవి మన పేర్లని, అంకెలని ఖూనీ చేస్తాయి.

రిపోర్టులో ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు అన్నీ ఉంటాయి. ఒకే నిమిషంలో గుంపుగా వెళ్ళిపోయిన చోటు వెతికి, ఆ నిమిషంలో స్క్రీన్ మీద ఏముందో రికార్డింగ్‌లో చూడండి, చాలాసార్లు అక్కడ అవార్డుల స్లైడు ఉంటుంది. సేల్స్ వాళ్ళకి లిస్టు ఇచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ లిస్టు మొత్తం ఇవ్వకండి, అందరికీ ఫోన్లు చేసి మీ పేరు చెడగొడతారు. పేరు పెట్టి ప్రశ్న అడిగినవాళ్ళని ముందు పెట్టండి, వాళ్ళు ఏం అడిగారో ఆ మాట యథాతథంగా పక్కన రాసివ్వండి, ఫోన్ ఎత్తగానే "మీరు పాత డేటా గురించి అడిగారు కదండీ" అని మొదలుపెట్టొచ్చు.