పికప్ కన్నా ముందు మెడ చూడండి

అందరికీ నమస్కారం. ఇక్కడ చర్చిలో వాయించేవాళ్లున్నారు, ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లున్నారు, కొత్తగా బ్యాండ్ పెట్టుకున్న కాలేజీ పిల్లలూ ఉన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: తక్కువ ధరలో కొన్న బేస్ గిటార్ బాగా పలకాలంటే ఏం మార్చాలి? చాలామంది మొదట పికప్ (తీగల కింద ఉండి వాటి కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం) మారుద్దామనుకుంటారు. నా మాట వింటే దాన్ని అన్నిటికన్నా చివర్న పెట్టుకోండి.

ముందు కొనడం సంగతి. స్క్వయర్ అఫినిటీ, యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనెజ్ జీఎస్‌ఆర్ 200 లాంటి వాటిలో ఏది తీసుకున్నా నేర్చుకోవడానికీ, స్టేజీ ఎక్కడానికీ సరిపోతుంది. పేరు కన్నా చేతిలో ఉన్న ఆ ఒక్క పీసు ఎలా ఉందన్నదే ముఖ్యం. బ్రిడ్జ్ (తీగలు బాడీ మీద ఆనే చోటు) వైపు నుంచి కన్ను పెట్టి మెడ పొడవునా చూడండి. కాస్త వంపు ఉంటే సరిచేయవచ్చు, మెలి తిరిగి ఉంటే మాత్రం కొనకండి. నాలుగు తీగల మీదా ఒక్క ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) కూడా వదలకుండా వాయించండి. సెకండ్ హ్యాండ్ అయితే ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) నట్టు తిరుగుతుందో లేదో చూడకుండా డబ్బులివ్వకండి. మామూలు బేస్ స్కేల్ (మోగే తీగ పొడవు) 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. చేతులు చిన్నవైతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక సెటప్, అంటే మెడనూ తీగల ఎత్తునూ సరిచేసుకోవడం. చవక బేస్‌కీ ఖరీదైన బేస్‌కీ మధ్య కనిపించే తేడాలో పెద్ద వాటా ఇక్కడే ఉంటుంది. నాలుగు తీగలూ కలిసి మెడను 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంటాయి. దానికి ఎదురు నిలిచేది లోపలున్న ట్రస్ రాడ్. వానాకాలపు తేమకు చెక్క ఉబ్బుతుంది, పొడి గాలికి ముడుచుకుంటుంది. అందుకే ఏడాదికి రెండుసార్లైనా మెడ చూసుకోవాలి.

ట్యూన్ చేశాక లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, మెడ బాడీని కలిసేచోట ఇంకో వేలితో నొక్కండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఎక్కువుంటే రాడ్‌ను కుడివైపు బిగించండి, అసలు లేకపోతే ఎడమవైపు వదులు చేయండి. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. మళ్లీ ట్యూన్ చేసి, కాసేపు ఆగి కొలవండి. గట్టిగా ఉన్న నట్టును బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది, అప్పుడు మరమ్మతు ఖర్చు బేస్ ధరను దాటవచ్చు.

మెడ కుదిరాకే సాడిల్స్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్కలు) జోలికి వెళ్లండి. 17వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.4, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్ల సందు మంచి మొదలు. బజ్ (తీగ ఫ్రెట్‌కు తగిలి వచ్చే గరగర) ఎక్కడ వస్తుందో గమనించండి. మొదటి అయిదు ఫ్రెట్లలోనే వస్తే మెడ మరీ తిన్నగా ఉన్నట్టు. పై ఫ్రెట్లలో (బాడీ వైపు) వస్తే సాడిల్ దిగిపోయినట్టు. తర్వాత 12వ ఫ్రెట్ స్వరం ట్యూనర్‌లో చూడండి: ఎక్కువ చూపిస్తే సాడిల్‌ను వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకి జరపండి. పాత తీగల మీద ఈ పని చేస్తే వృథా. 45–105 సెట్ (ఈ అంకెలు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) కొత్తది వేసుకోండి. తీగను కత్తిరించేముందు అక్కడ మడత పెట్టండి, లేకపోతే పైచుట్టు వదులై తీగ మూగబోతుంది.

పికప్ మార్చాలనిపిస్తే, ముందు స్క్రూడ్రైవర్‌తో దాని ఎత్తు మార్చి చూడండి. ఆఖరి ఫ్రెట్ నొక్కి పట్టుకుంటే తీగకూ పికప్‌కూ మధ్య రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండాలి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది. జాజ్ తరహా బేస్‌లో రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉంటే హమ్ (గుయ్‌మనే శబ్దం) పోతుంది, ఒకటి తగ్గిస్తే వస్తుంది. అది లోపం కాదు, సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట ఉన్న) పికప్ స్వభావం. గరగరమనే పాట్‌లో (వాల్యూమ్, టోన్ నాబ్ కింది భాగం) కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి. కేబుల్ గుచ్చే జాక్ వదులైతే దాన్ని మాత్రం నట్టు ఒక్కటే తిప్పి బిగించొద్దు. లోపలి జాక్ కూడా తిరిగి వైరు తెగుతుంది, ప్లేటు విప్పి జాక్‌ను పట్టుకుని బిగించండి. యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) సౌండ్ చీలిపోతుంటే మొదటి అనుమానం 9 వోల్టుల బ్యాటరీ మీద పెట్టుకోండి. కేబుల్ గుచ్చి వదిలేసినంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది.

యాంప్ దగ్గర జనం వాట్లు చూసి మోసపోతారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే, చెవికి అది కొద్దిపాటి తేడా. అదే లెక్క యాంప్ మీది బేస్ నాబ్‌కీ వర్తిస్తుంది. ఆ నాబ్‌తో 12 డెసిబెల్స్ పెంచారంటే ఆ కింది స్వరాలకు యాంప్ పదహారు రెట్లు శక్తి ఇవ్వాలి. చిన్న యాంప్ బొంగురుపోయేది అందుకే. లావు తీగ (E) 41 హెర్ట్జ్, కానీ చెవి పట్టుకునేది ఎక్కువగా దానికి రెట్టింపైన 82. బేస్ నాబ్ తగ్గించి మిడ్ (మధ్య స్వరాల నాబ్) కాస్త పెంచితే అదే యాంప్ డ్రమ్స్ మధ్యలోంచి వినిపిస్తుంది. ఇంట్లో సాధనకు 25 వాట్లు చాలు. డ్రమ్స్‌తో కలిసి వాయించడానికి 200 వాట్ల పైమాటే. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు కలిపితే 4 ఓమ్‌లు. యాంప్ వెనక కనీసం 4 అని రాసి ఉంటే మూడోది తగిలించకండి. యాంప్ నుంచి క్యాబినెట్‌కు గిటార్ కేబుల్ వాడితే వేడెక్కి కాలిపోతుంది, దానికి స్పీకర్ కేబులే కావాలి.

చర్చిలో, వినాయక మండపంలో బేస్ నేరుగా మిక్సర్‌కే వెళ్తుంది కాబట్టి పెద్ద యాంప్ కన్నా ముందు డీఐ బాక్స్ (బేస్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) కొనండి. పాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌కు 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సుమారు పది వేలే కాబట్టి సౌండ్ మసకబారుతుంది. యాక్టివ్ డీఐకి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ గుండానే వచ్చే కరెంటు) అందుతుంది. హమ్ వస్తే డీఐ మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ గ్రౌండ్‌ను విడదీసే స్విచ్) నొక్కండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయకండి. తీగల మీద చేతులుండగా పెదవి మైక్‌కు తగిలి షాక్ కొట్టేది ఆ ఎర్త్ లేకపోవడం వల్లే. యాంప్, మిక్సర్ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. పాడేవాళ్లు రాకముందే మల్టీమీటర్‌ను ఏసీ మీద పెట్టి తీగకూ మైక్ జాలీకీ మధ్య వోల్టేజ్ చూడండి. సున్నాకు దగ్గరగా లేకపోతే ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా బేస్ పట్టుకోవద్దు.