రెయినియర్‌లో సిగ్నల్ ఉండదు, ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఇవన్నీ ఫోన్లోకి దించుకోండి

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. శుక్రవారం పొద్దున్న ఆరున్నర అయింది, సియాటిల్ దగ్గర బాథెల్‌లో మా ఇంటి ముందు కారు డిక్కీ తీసి పెట్టాం, మా ఆయన టెంటు సర్దుతున్నారు, అమ్మ పులిహోర డబ్బా ఎక్కడ పెడితే ఒరగకుండా ఉంటుందా అని చూస్తోంది. అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చి నెలయింది. ఈ వారాంతం వాళ్ళని మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్తున్నాం, కూగర్ రాక్ క్యాంప్‌గ్రౌండ్‌లో రెండు రాత్రులు. కొండ, మంచు, పువ్వులు అన్నీ చూపిస్తాను గానీ ఈసారి ముఖ్యంగా ఫోన్ గురించి మాట్లాడాలి. మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు పిల్లలు ట్రిప్‌కి వెళ్ళే ముందు "అక్కా, ఏ యాప్ వాడాలి" అని అడుగుతుంటారు, నేను ముందు చెప్పేది యాప్ పేరు కాదు, అది మీ ఫోన్లోకి పూర్తిగా దిగిందా లేదా చూసుకోండి అని. ఇంత గట్టిగా ఎందుకు చెప్తానంటే పోయిన ఏడాది జరిగింది చెప్పాలి.

పోయిన జులైలో మేం ముగ్గురం, అంటే నేను, మా ఆయన, పాప, కొండ మీద ట్రైళ్ళు మొదలయ్యే ప్యారడైజ్ అనే చోటు నుంచి స్కైలైన్ ట్రైల్ ఎక్కాం. మొత్తం చుట్టు 5.5 మైళ్ళు, 1,700 అడుగుల ఎక్కుడు. పైన పనోరమా పాయింట్ 6,800 అడుగుల ఎత్తులో ఉంటుంది. జులైలో కూడా అక్కడ మంచు పూర్తిగా కరగదు, దారి మీద పెద్ద పెద్ద మంచు పరుపులు అలాగే ఉంటాయి, వాటి మీద అడుగుల గుర్తులు నాలుగు వైపులా పోతుంటాయి. మేం పైకి చేరిన పావుగంటకి కింద లోయలోంచి పొగమంచు లేచింది. పది నిమిషాలు పట్టలేదండీ, నా ముందు నడుస్తున్న పాప ఎర్ర జాకెట్ కూడా మసగ్గా అయిపోయింది. ఫోన్ తీసి మ్యాప్ తెరిస్తే బూడిద రంగు గళ్ళు, మధ్యలో ఒక నీలం చుక్క. అంతే. దారి లేదు, కొండ లేదు, పేరు లేదు. ఆ నీలం చుక్క చూస్తూ నిలబడ్డప్పుడు కడుపులో ఎలా తిప్పిందో ఇప్పటికీ గుర్తుంది. ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు కాబోలు, చేతిలో కాగితం మ్యాప్, ఫోన్ రెండూ పట్టుకుని వస్తున్నారు, వాళ్ళ వెనకే దిగాం.

కిందికి వచ్చాక మా ఆయన అర్థమయ్యేలా చెప్పారు. జీపీఎస్ వేరు, మ్యాప్ వేరు. జీపీఎస్ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి, మన ఫోన్ వాటి మాట వింటుంది, తిరిగి ఏమీ పంపదు, కాబట్టి టవర్ లేకపోయినా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా నీలం చుక్క వస్తుంది. కానీ ఆ చుక్క కింద ఉండాల్సిన మ్యాప్ బొమ్మ మాత్రం ఇంటర్నెట్ నుంచి వచ్చేది. అది ముందే ఫోన్లో లేకపోతే మనం ఎక్కడున్నామో ఫోన్‌కి తెలుస్తుంది, మనకి తెలియదు. ఆ రోజు మా దగ్గర యాప్ ఉంది, డబ్బు కట్టిన యాప్ కూడానూ, మ్యాప్ దించుకునే బటన్ మాత్రం నొక్కలేదు.

అందుకే నిన్న రాత్రి భోజనాలయ్యాక మా నాలుగు ఫోన్లూ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాం. ముందు ఆర్గానిక్ మ్యాప్స్. ఇది పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు, 2021లో మొదలైంది, ప్రపంచమంతా జనం కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రం మ్యాప్ దించేస్తే చిన్న చిన్న కాలిబాటలు కూడా కనిపిస్తాయి, వాటి ఎత్తు గీతలతో సహా. నాన్న ఫోన్లో కూడా ఇదే వేశాను, ఆయనకి తెనాలిలో కూడా పనికొస్తుంది, ఆంధ్రా మ్యాప్ దించుకుంటే సరి. రెండోది ఆల్‌ట్రెయిల్స్. ఏ ట్రైల్ ఎంత దూరం, ఎంత ఎక్కుడు, నిన్న వెళ్ళినవాళ్ళు ఏం రాశారు, దారిలో మంచు ఉందా, ఇవన్నీ చూడ్డానికి ఉచితంగానే చాలా బాగుంటుంది, ఆఫ్‌లైన్ మ్యాప్ కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. మాకు నెలకి రెండు హైక్‌లు ఉంటాయి కాబట్టి కట్టాం, ఏడాదికి ఒకసారి వెళ్ళేవాళ్ళు కట్టక్కర్లేదు, ఆర్గానిక్ మ్యాప్స్ చాలు. వాషింగ్టన్‌లో ఉండేవాళ్ళు వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ వాళ్ళ ట్రెయిల్‌బ్లేజర్ కూడా వేసుకోండి, అందులో ట్రిప్ రిపోర్టులు ఇక్కడివాళ్ళు రాసేవి, నేను వాటినే ఎక్కువ నమ్ముతాను.

ఇంకోటి నేషనల్ పార్క్ సర్వీస్ సొంత యాప్. 400కి పైగా పార్కులు అందులో ఉన్నాయి, పార్క్ పేజీలోకి వెళ్తే ఆఫ్‌లైన్‌కి దాచుకునే బటన్ ఉంటుంది. బాత్రూమ్‌లు ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, ఏ రోడ్డు మూసేశారు, రేంజర్ ప్రోగ్రామ్ ఎన్నింటికి, అన్నీ అందులోనే. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు బాత్రూమ్ ఎక్కడో ముందే తెలియడం ఎంత నిశ్చింతో అమ్మానాన్నలతో తిరిగేవాళ్ళకి తెలుసు. ఈ యాప్‌లో హెచ్చరికలు బయల్దేరే ముందు ఒకసారి చదవండి, రూల్స్ మారుతుంటాయి. 2024లో ప్యారడైజ్ వైపు వెళ్ళడానికి టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్, అంటే ఫలానా టైమ్‌కి లోపలికి వెళ్ళడానికి ముందే బుక్ చేసుకోవడం, పెట్టారు, తర్వాతి ఏడాది అటువైపు తీసేశారు. క్యాంప్‌సైట్ బుకింగ్‌కి రిక్రియేషన్ డాట్ గవ్ యాప్, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఆరు నెలల ముందు చూసుకోండి, దొరక్కపోతే క్యాన్సిలేషన్ల కోసం రోజూ ఒకసారి తెరిచి చూడండి.

అన్నీ దించాక ఆఖర్న ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా తీసేసి, ఒక్కో యాప్ తెరిచి ప్యారడైజ్ దగ్గర బాగా జూమ్ చేసి చూడటం. పాప ఫోన్లో ఒక మ్యాప్ సగమే దిగిందని అప్పుడే బయటపడింది. ఈ ఒక్క పని మాత్రం ఎవరూ మానకండి.

ఇప్పుడు పార్కుకి ముందు వచ్చే ఊరు యాష్‌ఫర్డ్ దాటాం. చూడండి, ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోయాయి. ఇక్కడి నుంచి నేను ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసేస్తాను, లేకపోతే ఫోన్ లేని టవర్‌ని వెతుక్కుంటూ వెతుక్కుంటూ మధ్యాహ్నానికే బ్యాటరీ తినేస్తుంది. వాతావరణం సంగతి కూడా ఇక్కడే చెప్తాను. ఫోన్లో యాష్‌ఫర్డ్ అని కొట్టి చూసే వాతావరణం కొండ కింది ఊరిది. ప్రతి 1,000 అడుగులకి సుమారు 3.5 డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున చల్లబడుతుంది, ప్యారడైజ్ 5,400 అడుగులు, యాష్‌ఫర్డ్ కంటే సుమారు 3,600 అడుగులు పైన, అంటే కింద 70 ఉంటే పైన 57, 58, దానికి తోడు గాలి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో మ్యాప్ మీద సరిగ్గా ప్యారడైజ్ దగ్గర నొక్కితే ఆ ఎత్తుకి తగిన అంచనా వస్తుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. అమ్మకి రెండు స్వెటర్లు పెట్టింది అది చూసే.

రాత్రి పదిన్నర దాటిందండీ. జులైలో ఇక్కడ చీకటి పడాలంటే అప్పటిదాకా ఆగాల్సిందే. తిన్న సామాన్లన్నీ, ఆవకాయ సీసాతో సహా, కారులో పెట్టి లాక్ చేశాం, ఎలుగుబంట్లకి వాసన చాలు. టెంట్ల దగ్గర చెట్లు అడ్డం, అందుకని రోడ్డు దాటి నిస్క్వాలీ నది ఒడ్డు దగ్గరికి వచ్చాం. అమావాస్య దగ్గర్లో ఉందని నాన్న పంచాంగం చూసే వచ్చారు. ఆయన నెత్తి మీద పాలపుంత అలా పరుచుకుని ఉంటే కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను స్టెల్లారియం తెరిచాను, ఆకాశంలో ఏ నక్షత్రం ఎక్కడుందో చూపించే యాప్, ఇది కూడా నెట్ లేకుండా పనిచేస్తుంది, నైట్ మోడ్ పెడితే తెర అంతా ఎర్రగా మారుతుంది, చీకటికి అలవాటు పడ్డ కళ్ళు చెదరవు.

నాన్న ఫోన్ అడగలేదు. సప్తర్షి మండలాన్ని వాయవ్యంలో వెంటనే పట్టుకున్నారు, అక్కడి నుంచి ధ్రువ నక్షత్రానికి గీత గీసుకుంటూ వెళ్ళి ఆగిపోయారు. "అమ్మాయ్, ధ్రువుడు ఇంత పైకి ఎక్కాడేంటి?" చెయ్యి చాచి పిడికిలి బిగించి, దిగంతం నుంచి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ లెక్కపెట్టారు, దాదాపు ఐదు పిడికిళ్ళు. తెనాలిలో మేడ మీద నుంచి చూస్తే ఒకటిన్నర పిడికిలట. చాచిన చేతికి పిడికిలి సుమారు పది డిగ్రీలు. యాప్‌లో నక్షత్రం మీద నొక్కితే ఎత్తు 47 డిగ్రీలకి దగ్గరగా చూపించింది, ఇక్కడి అక్షాంశం కూడా అంతే, తెనాలిది 16. పాపకి బళ్ళో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని అక్షాంశాలు ఆ పిడికిళ్ళతో ఎక్కేశాయి, అది కూడా చెయ్యి చాచి లెక్కపెట్టింది, దాని చెయ్యి చిన్నది, పిడికిలీ చిన్నదే, లెక్క మాత్రం అదే వచ్చింది. తర్వాత వసిష్ఠుడి పక్కన అరుంధతి. "మీ అమ్మకి పెళ్ళిలో పట్టపగలు చూపించారు, కనపడింది అని చెప్పించారు" అన్నారు నాన్న. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసి, "ఉందండీ, రెండున్నాయి" అంది.

పొద్దున్న చలి. 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగింది, ఫోన్లూ పవర్ బ్యాంకూ స్లీపింగ్ బ్యాగ్‌లో నాతోనే పడుకోబెట్టాను, చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని పిట్టల గోల వింటుంటే మెర్లిన్ యాప్ ఆన్ చేసి పక్కన పెట్టాను, కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ళది, ఉచితం, ఈ ప్రాంతం ప్యాక్ దించుకుని ఉంటే నెట్ అక్కర్లేదు. ఏ పిట్ట కూస్తే దాని పేరు వెలుగుతుంది. బల్ల మీదికి దూకి వచ్చిన నీలం పిట్ట పేరు స్టెల్లర్స్ జే అని తెలిసింది, తలమీద నల్లటి జుట్టు. అమ్మ దానికి పులిహోర పెట్టబోతే ఆపాను, ఇక్కడ అడవి ప్రాణులకి తిండి పెట్టకూడదు.

అమ్మానాన్నని మర్టిల్ ఫాల్స్ దాకా తీసుకెళ్ళాం, రానూపోనూ మైలు కూడా ఉండదు, చాలావరకు గట్టిగా పరిచిన దారి. వాళ్ళు అక్కడ మా ఆయనతో ఉన్నారు, నేనూ పాపా మళ్ళీ స్కైలైన్ ఎక్కాం. ట్రైల్ మొదట్లోనే యాప్ తెరిచి ఆరుబయట రెండు నిమిషాలు నిలబడ్డాం, నెట్ లేనప్పుడు జీపీఎస్‌కి మొదటిసారి కాస్త టైమ్ పడుతుంది. మంచు పరుపు వచ్చిన ప్రతిచోటా పాపే మ్యాప్ తీసి మన చుక్క గీత మీద ఉందా లేదా చూసి చెప్పింది. పనోరమా పాయింట్ దగ్గర మబ్బు వచ్చింది కూడా, పోయిన ఏడాదంత కాదు. నాకు టెన్షన్ రాలేదు.

ఇంకో రెండు మాటలు చెప్పి ఆపేస్తాను. ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా ఎస్ఓఎస్, అంటే టవర్ లేనిచోట కూడా ఆపదలో సాయం అడిగే సదుపాయం, ఉంది, 2022 నవంబర్‌లో అమెరికాలో మొదలైంది, పిక్సెల్ 9కి కూడా వచ్చింది. అది పనిచేయాలంటే పైన ఆకాశం కనపడాలి, చెట్ల కింద కష్టం, సెట్టింగ్స్‌లో డెమో ఉంటుంది, ఇంటి పెరట్లో ఒకసారి చేసి చూసుకోండి, ఆపదలో మొదటిసారి నేర్చుకునే పని కాదది. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వెళ్ళేవాళ్ళు అడవి మంటల కోసం వాచ్ డ్యూటీ, పొగ కోసం ఎయిర్‌నౌ, ఈ రెండు యాప్‌లూ బయల్దేరే ముందు చూడండి.

బయల్దేరే ముందు బాథెల్‌లో మా ఫ్రెండ్‌కి ఒక కాగితం రాసి ఫొటో తీసి పంపాను, ఏ ట్రైల్, కారు నంబరు, ఆదివారం సాయంత్రం ఏడింటికల్లా నా మెసేజ్ రాకపోతే పార్క్ వాళ్ళకి ఫోన్ చెయ్యమని. ఇప్పుడు యాష్‌ఫర్డ్ దాటి ఎల్బ్ దగ్గరికి వచ్చాం, ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే ఫోన్ మోగడం మొదలుపెట్టింది, టైమ్ నాలుగున్నర. "వచ్చేశాం వదినా" అని పెట్టాను. "పులిహోర మిగిలిందా" అని జవాబొచ్చింది.