పక్షులను చూడడానికి తొలి బైనాక్యులర్

శ్రోతలకు నమస్కారం. పక్షులను గమనించే అలవాటు ఈ మధ్య మన ఊళ్లలోనూ నగరాల్లోనూ బాగా పెరుగుతోంది. పెరటి మునగచెట్టు మీద తేనెపిట్టను, కరెంటు తీగ మీద పాలపిట్టను వట్టి కళ్లతో చూసి ఆనందించేవారికి కొన్నాళ్లకు వాటిని ఇంకొంచెం దగ్గరగా చూడాలన్న కోరిక పుడుతుంది. అప్పుడు బైనాక్యులర్ కొనాలనుకుంటారు. దుకాణానికి వెళ్లి అడిగే మొదటి ప్రశ్న మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: "ఇది ఎంత దూరం చూపిస్తుంది?" ఆ ప్రశ్నతో మొదలుపెట్టడం వల్లనే చాలామంది పక్షులను చూడడానికి అనువుగాని పరికరాన్ని ఇంటికి తెచ్చుకుని, నాలుగు రోజులు ప్రయత్నించి, బీరువాలో పెట్టేస్తున్నారు. పిట్ట ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న దానికంటే, ఎంత త్వరగా దొరుకుతుంది, ఎంత నిలకడగా, ఎంత వెలుగులో కనిపిస్తుందన్నవి కొత్తవారికి ఎక్కువ ముఖ్యం.

ప్రతి బైనాక్యులర్ మీదా రెండు అంకెలు ఉంటాయి. 8×42 అని ఉంటే మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండవది ముందువైపు కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. "ఎయిట్ బై ఫార్టీటూ" అంటే దుకాణదారుకు అర్థమవుతుంది. ఎనిమిది కంటే పది మంచిదనీ, పది కంటే ఇరవై ఇంకా మంచిదనీ అనిపించడం సహజమే కాని, ఒక్కసారి లెక్క వేసి చూడండి. చెరువు గట్టున 80 మీటర్ల దూరంలో ఒక నారాయణ పక్షి నిలబడి ఉందనుకుందాం. ఎనిమిది రెట్ల బైనాక్యులర్‌లో అది 10 మీటర్ల దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. పది రెట్ల దానిలో 8 మీటర్ల దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. తేడా ఆ రెండు మీటర్లే.

ఆ రెండు మీటర్ల కోసం మనం వదులుకునేవి చాలా ఉన్నాయి. పక్షి ఎన్ని రెట్లు పెద్దదవుతుందో, మన చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెద్దదవుతుంది. గట్టు ఎక్కి ఆయాసపడుతున్నప్పుడు, ఎదురుగాలి వీస్తున్నప్పుడు, గంటసేపు తిరిగి చేతులు అలసిపోయినప్పుడు పది రెట్ల బైనాక్యులర్‌లో బొమ్మ నిలవదు. పన్నెండు రెట్లు దాటితే స్టాండు లేకుండా చూడడం అనుభవజ్ఞులకు కూడా కష్టమే. మన ఎండలు మరొక కారణం. పులికాట్ సరస్సు ఒడ్డునో కొల్లేటి గట్టునో ఉదయం పది దాటితే నీటి మీది వేడిగాలి కదలాడుతూ దూరాన ఉన్న పక్షుల రూపాన్ని చెదరగొడుతుంది. ఎక్కువ రెట్ల బైనాక్యులర్ ఆ చెదిరిన రూపాన్నే మరింత పెద్దదిగా చూపిస్తుంది తప్ప స్పష్టంగా చూపించలేదు.

అన్నిటికంటే పెద్ద నష్టం దృశ్య పరిధి తగ్గిపోవడం. దృశ్య పరిధి అంటే బైనాక్యులర్‌లో ఒకేసారి కనిపించే వెడల్పు. వెయ్యి మీటర్ల దూరంలో ఎంత వెడల్పు కనిపిస్తుందన్న అంకెను తయారీదారులు పెట్టె మీదనో పరికరం మీదనో ముద్రిస్తారు. మంచి ఎనిమిది రెట్ల బైనాక్యులర్‌కు ఇది 130 నుంచి 140 మీటర్ల దాకా ఉండవచ్చు. పది రెట్ల వాటిలో చాలావరకు 100 నుంచి 115 మీటర్ల మధ్యన ఉంటుంది. ఈ అంకెలను పెరటి చెట్టు దూరానికి కుదించి చూద్దాం. 20 మీటర్ల అవతల ఒక వేపచెట్టు ఉంది, అందులో ఎక్కడో ఒక పికిలిపిట్ట కూస్తోంది. 140 మీటర్ల పరిధి ఉన్న బైనాక్యులర్‌లో ఆ చెట్టు మీద 2.8 మీటర్ల వెడల్పున్న వృత్తం కనిపిస్తుంది. 105 మీటర్ల పరిధి ఉన్నదానిలో కనిపించే వృత్తం 2.1 మీటర్లే. వైశాల్యంలో చూస్తే మొదటిది రెండవదానికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంటుంది. పికిలిపిట్ట ఒక కొమ్మ నుంచి పక్క కొమ్మకు గెంతినప్పుడు వెడల్పైన వృత్తంలో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఇరుకు వృత్తంలో అయితే దాన్ని మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. కొత్తవారు నిరాశపడేది సరిగ్గా ఇక్కడే. పక్షి కనిపించక కాదు, బైనాక్యులర్ ఎత్తేసరికి ఎక్కడుందో దొరకక విసిగిపోతారు. అందుకే తొలి బైనాక్యులర్ ఎనిమిది రెట్లదే కావాలని నేను గట్టిగా చెబుతాను.

ఇక రెండవ అంకె సంగతి. పక్షులు చురుగ్గా తిరిగేది తెల్లవారుజామునా, పొద్దు వాలే వేళా. ఆ వేళల్లో వెలుతురు తక్కువ. రెండవ అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది బైనాక్యులర్ నుంచి మన కంటికి చేరే వెలుగు చుక్క వ్యాసం. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లే తెరుచుకుంటుంది కనుక ఏ బైనాక్యులరైనా సరిపోతుంది. మసక వెలుతురులో కంటిపాప అయిదు మిల్లీమీటర్ల దాకానో అంతకంటే ఎక్కువగానో విప్పారుతుంది, అప్పుడు 5.25 మిల్లీమీటర్ల చుక్క దాన్ని నింపగలదు. జేబులో పట్టే 10×25 బైనాక్యులర్ ఇచ్చేది 2.5 మిల్లీమీటర్ల చుక్కే కాబట్టి, మర్రిచెట్టు నీడలో కూర్చున్న గుడ్లగూబ అందులో నల్లటి ముద్దలా మాత్రమే కనిపిస్తుంది. బరువు మోయలేమనుకునేవారికి 8×32 మంచి మధ్యేమార్గం. 50 మిల్లీమీటర్ల కటకాలున్నవి చీకటిలో బాగున్నా, మెడకు తగిలించుకుని పొద్దంతా నడవడం కష్టం.

సంతల్లో, పర్యాటక స్థలాల్లో 30×60 అని రాసిన చిన్న బైనాక్యులర్లు ఎర్రగా మెరిసే అద్దాలతో అమ్మకానికి కనిపిస్తుంటాయి. స్కేలు పెట్టి ముందు కటకాన్ని కొలవండి. నిజంగా 60 మిల్లీమీటర్లయితే కటకం ఆరు సెంటీమీటర్ల వెడల్పుండాలి, వీటిలో చాలావాటికి అందులో సగం కూడా ఉండదు. ఆ ఎర్రటి పూత వల్ల రంగులు మారి కనిపిస్తాయి. పక్షిని గుర్తుపట్టడానికి రంగే ప్రధానమైన ఆధారమైనప్పుడు అలాంటి పరికరం పిల్లల చేతికి కూడా ఇవ్వకూడదు. రెట్లు పెంచుకుంటూ తగ్గించుకుంటూ చూసే జూమ్ బైనాక్యులర్ల జోలికి కూడా వెళ్లకండి. వాటిలో దృశ్య పరిధి బాగా ఇరుకుగా ఉంటుంది.

లోపలి నిర్మాణం గురించి కొంత తెలుసుకుంటే డబ్బు సద్వినియోగం అవుతుంది. బైనాక్యులర్ లోపల తలకిందులైన బొమ్మను నిలబెట్టడానికి గాజు పట్టకాలు ఉంటాయి. వాటి అమరిక రెండు రకాలు. భుజాలు వెడల్పుగా, మెలిక తిరిగినట్టుండే పాతకాలపు ఆకారం పోరో రకం. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో 1854లో దీనికి పేటెంటు పొందాడు. రెండు తిన్నని గొట్టాలు పక్కపక్కన ఉన్నట్టు కనిపించేది రూఫ్ రకం. చూడడానికి రూఫ్ రకం నాజూకుగా ఉంటుంది, నీరు చొరబడకుండా చేయడం కూడా తేలిక. అయితే దానిలో పట్టకాల మీద ప్రత్యేకమైన పూతలు వేస్తేగాని బొమ్మ తేటగా రాదు. ఆ పూతలకు ఖర్చవుతుంది, చవక రకాల్లో వాటిని వదిలేస్తారు. పోరో పట్టకాలకు ఆ పూతల అవసరమే లేదు. కనుక పదివేల రూపాయలకు అటూ ఇటూగా ఖర్చు పెట్టదలచినవారు, ఆకారాన్ని చూసి మోజుపడకుండా, పేరున్న సంస్థ తయారుచేసిన 8×40 లేదా 8×42 పోరో బైనాక్యులర్ తీసుకోవడం మేలని నా అభిప్రాయం. రెండు మూడు రెట్లు ఎక్కువ పెట్టగలిగితే నైట్రోజన్ వాయువు నింపిన, నీరు చొరని రూఫ్ రకం ఎంచుకోవచ్చు.

కటకాల మీది పూత మాత్రం ఏ రకానికైనా ముఖ్యమే. పూత లేని గాజును వెలుగు దాటే ప్రతిచోటా సుమారు నాలుగు శాతం వెనక్కి ప్రతిఫలిస్తుంది. అలాంటి పది తలాలను దాటేసరికి దాదాపు మూడోవంతు వెలుగు పోతుంది. దీనికి విరుగుడుగా 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకూలా ప్రతిఫలనాన్ని తగ్గించే పూతను కనిపెట్టాడు. మీరు కొనేదాని మీద "ఫుల్లీ మల్టీ కోటెడ్", అంటే అన్ని కటకాలకూ పలు పొరల పూత, అని ఉందో లేదో చూడండి. ఉత్త "కోటెడ్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

కళ్లద్దాలు పెట్టుకునేవారు మరొక అంకెను తప్పక అడగాలి. కంటికీ, ఐపీసుకీ (మనం కన్ను ఆనించి చూసే వైపు కటకానికీ) మధ్య ఎంత ఎడం వరకు పూర్తి దృశ్యం కనిపిస్తుందో చెప్పే అంకె అది. దాన్ని ఐ రిలీఫ్ అంటారు. అది 15 మిల్లీమీటర్లకు తక్కువగా ఉంటే కళ్లద్దాలతో చూసినప్పుడు అంచులు నల్లబడి మధ్యభాగమే కనిపిస్తుంది. కళ్లద్దాలున్నవారు ఐపీసు చుట్టూ ఉండే రబ్బరు గిన్నెలను కిందికి మడిచిపెట్టుకుని, లేనివారు పైకి తీసి చూడాలి. పిల్లలకైతే వాళ్ల కళ్ల మధ్య దూరం తక్కువ కాబట్టి, బాగా దగ్గరికి ముడుచుకునే 6×30 వంటి తేలికైనదాన్ని వాళ్ల చేతికే ఇచ్చి చూపించి కొనాలి.

కొనేముందు దుకాణం గుమ్మం దగ్గరికి వచ్చి పరీక్షించండి. లోపల ట్యూబులైటు కింద అన్నీ బాగానే కనిపిస్తాయి. ముందుగా బైనాక్యులర్‌ను చేయి చాచి పట్టుకుని, ఆకాశం వైపు తిప్పి, ఐపీసుల్లో కనిపించే రెండు వెలుగు చుక్కలను గమనించండి. అవి గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు పలకలుగా కనిపిస్తే లోపలి పట్టకాల గాజు నాసిరకం. తరువాత వీధి అవతలి కరెంటు తీగను ఆకాశం మీదుగా చూడండి. తీగకు ఊదా, ఆకుపచ్చ అంచులు దట్టంగా కనిపించకూడదు. బైనాక్యులర్‌ను అలాగే పట్టుకుని కంటికి కాస్త దూరంగా జరిపినప్పుడు తీగ కుడి ఎడమ గొట్టాల్లో ఒకే ఎత్తులో ఉండాలి. ఒకదానిలో పైకీ, మరొకదానిలో కిందికీ ఉంటే రెండు గొట్టాలూ ఒకే దిక్కుకు గురిపెట్టి లేవన్నమాట. అలాంటిదానితో పది నిమిషాలు చూస్తే తలనొప్పి ఖాయం. ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఇంటికి తెచ్చాక మొదట చేయవలసిన పని మీ కళ్లకు సరిచేసుకోవడం. చాలామంది ఇది చేయకుండానే బైనాక్యులర్ బాగాలేదంటారు. రెండు వృత్తాలు ఒకటిగా కలిసేదాకా గొట్టాలను దగ్గరికో దూరానికో జరపండి. తరువాత కుడివైపు ముందు కటకాన్ని అరచేత్తో మూసి, దూరాన ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎడమకంటికి స్పష్టంగా కనిపించేవరకు నడుమనున్న చక్రాన్ని తిప్పండి. ఇప్పుడు ఎడమవైపు మూసి, నడిమి చక్రాన్ని ముట్టకుండా, సాధారణంగా కుడి ఐపీసు దగ్గర ఉండే డయాప్టర్ అనే చిన్న చక్రంతో కుడికంటికి సరిచేసుకోండి. అది ఏ గీత దగ్గర నిలిచిందో గుర్తుపెట్టుకుంటే, ఆ తరువాత నడిమి చక్రం ఒక్కటే చాలు. పక్షి కనిపించినప్పుడు తల దించి బైనాక్యులర్ కోసం చూడకండి. చూపు పక్షి మీదే ఉంచి బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. పైన తిరిగే గద్దను వెంబడిస్తూ సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పవద్దు, క్షణంలో కన్ను దెబ్బతింటుంది.

కొత్త బైనాక్యులర్‌తో మొదట ఎక్కడికి వెళ్లాలంటే, పక్షులు దగ్గరగా ఉండే చోటికి వెళ్లాలి. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా ఉంటాయి, ఎనిమిది రెట్లకు అక్కడ గూటిలోని పిల్ల ముక్కు కూడా తెలుస్తుంది. హైదరాబాదు దగ్గరి అమీన్‌పూర్ చెరువు కూడా మంచి చోటే. పులికాట్ రాజహంసలు ఒక్కోసారి కిలోమీటరు అవతల గులాబీ గీతలా ఉంటాయి. వాటికి స్టాండు మీద నిలిపి ఒంటికంటితో చూసే దూరదర్శిని, అంటే స్పాటింగ్ స్కోపు కావాలి గాని, దాని కోసం చేతి బైనాక్యులర్ రెట్లు పెంచుకోవడంలో అర్థం లేదు. డెక్కన్ బర్డర్స్ వంటి సంఘాలు ఏర్పాటుచేసే పక్షుల నడకలకు వెళ్తే, కొనకముందే అయిదారు రకాలు చేతికి తీసుకుని పోల్చి చూసుకునే అవకాశం దొరుకుతుంది. అక్కడివారు అడిగితే సంతోషంగా ఇస్తారు.

చివరగా నిర్వహణ. మన కోస్తా ఉక్కకు కటకాల మీద బూజు పట్టడం మామూలే. తడిసిన బైనాక్యులర్‌ను అలాగే తోలుసంచిలో పెట్టి మూసేయకండి. ఫ్యాను గాలికి ఆరనిచ్చి, గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. అద్దం మీద దుమ్ము పడితే ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి, ఆ తరువాతే కళ్లద్దాలు తుడిచే శుభ్రమైన బట్టతో తుడవండి. చొక్కా అంచుతో గాని, కొంగుతో గాని తుడిస్తే, దుమ్ములోని సన్నని ఇసుక పూతను గీరేస్తుంది. ఆ గీతలు పోగొట్టడం ఎవరివల్లా కాదు. నమస్కారం.